మన కూత

సిస్టర్ ఎస్కొలాస్టికా ఒక గీతల నోటుబుక్కు ఇచ్చి
"నీ పాత రోజుల్లోకి వెళ్ళి వెతుకు,
ఆయన నిన్ను ఎక్కడ పిలిచాడో రాసుకో" అంది.
మూడు రోజులైంది.
అతిథుల గదిలో ఒక మంచం, కొయ్య కుర్చీ,
కిటికీ అవతల క్యాబేజీ మడికి నీళ్ళు పెడుతున్న
ఎవరో నవిస్ పిల్ల.
మొదటి పుటలో పేరు రాశాను:
ఎర్మెలిండా, నలభై ఒకటి.
ఆ తర్వాత మాట
చేపముల్లులా అడ్డం పడింది.

ఎక్కడని రాయను?
మొదటి సత్ప్రసాదం నాడు దేవుడు గుర్తు లేడు,
అరువు తెచ్చిన తెల్లబూట్లు కరిచిన మడమలు గుర్తు.
ఫాతిమాకి నడిచి వెళ్ళిన ఏడాది
వాన గుర్తు, గొడుగు పట్టిన వాల్దెమార్ చెయ్యి గుర్తు.
వెలుగు కనపడిందనీ ఒళ్ళు జలదరించిందనీ
రాసెయ్యడం తేలికే.
చదివి సంతోషిస్తుంది పాపం సిస్టర్.

కళ్ళు మూస్తే కనపడేది మాతొజీన్యోష్ రేవు.
మా వీధి చివర అయిదు చేపల ఫ్యాక్టరీలు.
పడవలు ఒడ్డుకొచ్చాయంటే
అర్ధరాత్రో అపరాత్రో ఏదో ఒకటి కూసేది,
పనివాళ్ళు రావాలని.
చీకట్లో అయిదు కూతలూ ఒక్కలాగే ఉండేవి నాకు.
అమ్మ మాత్రం కళ్ళు తెరవకుండానే
"మనది కాదులే, పడుకో" అనేది.
ఇంకో రాత్రి, అదే చీకటి, అలాంటిదే కూత,
తడిమి చూస్తే పక్క ఖాళీ,
దుప్పటి ఇంకా వెచ్చగానే.
"ఎలా తెలుస్తుందమ్మా?"
"ఏమోనే. నాకు తెలిసేలోగా
కాళ్ళు మంచం దిగిపోతాయి."

పదిహేడేళ్ళకి నేనూ ఆ బల్ల ముందే నిలబడ్డాను.
తల తుంచడం, పేగు లాగడం,
డబ్బాలో తలా తోకా మార్చి పేర్చడం.
నిమ్మచెక్క రుద్దినా వదలని నీచు.
బస్సులో నా పక్కసీటు ఎప్పుడూ ఖాళీయే.
టికెట్లు చూసే వాల్దెమార్ ఒక్కడే కూర్చున్నాడు,
ఆరేళ్ళు.
మంచివాడు. ఉంగరం కూడా కొన్నాడు.
వద్దన్నాను.
ఎందుకంటే చెప్పడానికి నోరు రాలేదు.
ఇవాళ దాన్ని పిలుపు అని రాసుకోవచ్చు,
పిరికితనం అనీ రాసుకోవచ్చు.
కలం దేన్నీ కాదనదు.

తర్వాత కింది వాటాలో జెర్ట్రూడిష్ ముసలమ్మ.
దేవుణ్ణీ ఫాదర్‌నీ ఒకే తిట్టులో కలిపి తిట్టేది.
రెండు చలికాలాలు ఆవిడకి ఒళ్ళు తుడిచాను,
తల దువ్వాను, తిట్లు తిన్నాను.
ఓ రాత్రి కాలిగోళ్ళు తీస్తుంటే అడిగింది:
"నా దగ్గర చిల్లిగవ్వ లేదే పిల్లా,
ఎందుకొస్తావు?"
"ఏమో" అన్నాను.
కత్తెర చేతిలో అలాగే ఆగింది.
ఆ మాట ఎక్కడో విన్నట్టుంది.

ఆవిడ పోయిన రోజు నేను ఏడవలేదు.
రెండు సార్డీన్లు కాల్చుకుని, రొట్టెలో పెట్టుకు తిని
తెల్లారేదాకా హాయిగా నిద్రపోయాను.
సిస్టర్, అది కూడా రాయాలా?

ఇక్కడి గంట నాలుగున్నరకి మోగుతుంది.
మొదటిరోజు భయంతో ముందే లేచాను.
రెండోరోజు అసలు వినపడలేదు.
ఇవాళ చూసుకునేసరికి
చల్లటి రాతినేల మీద నిలబడి ఉన్నాను,
చెప్పులు లేవు.
గంట ఇంకా మోగుతూనే ఉంది.
ఇరవై నాలుగేళ్ళ డ్యూటీ అలవాటే కావచ్చు.
దీనికి నేను పేరు పెట్టను.

పెట్టనంటూనే ఇంకొకటి గుర్తొచ్చింది.
అమ్మ కూడా ఒకసారి పొరబడింది.
జోరువానలో ఫ్యాక్టరీ దాకా వెళ్తే గేటుకి తాళం.
కూసింది మనది కాదట.
ముద్దగా తడిసి తిరిగొచ్చి
గుమ్మంలోనే కూలబడి నవ్వింది,
మమ్మల్నందర్నీ లేపేసేటంత నవ్వు.
నాకు బార్లీ కాఫీ కాచి ఇచ్చింది.
ఏప్రన్ పిండి పొయ్యి పైన ఆరేసింది.

అది ఆరకముందే
మళ్ళీ ఏదో కూసింది.